టైబీ దీవిలో కుటుంబ ప్రార్థన

ఆ ఇంట్లో మగవాళ్ళు మెట్ల మీంచి పడతారట.

ఆడవాళ్ళు పడరు. పిల్లలు పడరు. చూపు సరిగా ఆనని ముసలమ్మలు కూడా ఆ మెట్లు చకచకా ఎక్కి దిగుతారు. మగవాళ్ళు మాత్రం... అదీ అందరూ కాదు, కొందరే... పడతారు. చెయ్యి విరుగుతుంది. దవడ పగులుతుంది. ఒకాయనకైతే నడుమే పడిపోయిందట. అద్దె ఇళ్ళ వెబ్‌సైటులో ఆ ఇంటి కింద రివ్యూలన్నీ ఒకటే పాట. ‘బీచ్ సూపర్, కిచెన్ నీట్, మెట్లు జాగ్రత్త — మావారు పడ్డారు.’

ఇల్లుండేది అమెరికాలో. జార్జియా రాష్ట్రంలో సవానా అని ఓ పాత ఊరు, దానికి అరగంట దూరంలో టైబీ అని ఓ చిన్న దీవి. కథ తిరిగేది మాత్రం ఇక్కడ కెనడాలో, మన స్కార్‌బరోలో. కనుబొమ్మలు చేయించుకునే చోట, చర్చి వంటింట్లో బిరియానీ గిన్నెలు తోముకునే చోట, ఆడవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకుంటారు. దయ్యం కథలు ఎవరైనా భయపడుతూ చెప్తారు. దీన్ని మాత్రం ఎవరూ భయపడుతూ చెప్పరు.

విన్నది విన్నట్టు చెప్పుకుంటే — ఇలా.

సంతోషకుమారిది నరసాపురం. మిషన్ స్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. భర్త పీటర్ మాస్టారు పోయాక తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద కొడుకు దగ్గరికొచ్చింది. కొడుకు క్రిస్టో బ్యాంకులో ఐటీ మేనేజరు, తెలుగు ఫెలోషిప్ చర్చిలో సంఘపెద్ద. ఆదివారం కీబోర్డు మీద వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని కీర్తన ఎత్తుకున్నాడంటే వెనక వరసలో ఆంటీలు కొంగుతో కళ్ళొత్తుకునేవారు. అతని భార్య కృపామణి డెంటల్ క్లినిక్‌లో పనిచేస్తుంది. వాళ్ళకో కూతురు ఏనీ, రెండో క్లాసు.

అత్తగారు ఎయిర్‌పోర్టులో దిగిన రోజే కోడలి మణికట్టుకి కట్టు.

“ఏమైందమ్మా?”

“మెట్ల మీంచి పడ్డానత్తయ్యా.”

సంతోషకుమారి తలూపింది. ఇల్లు చేరాక తెలిసింది, వాళ్ళుండేది పద్నాలుగో అంతస్తు. ఆ బిల్డింగులో లిఫ్టు తప్ప మెట్ల మొహం చూసినవాళ్ళు లేరు. అయినా ఆవిడ మళ్ళీ అడగలేదు. తెలియక కాదు. తెలిసే. నరసాపురంలో ఆవిడ కూడా చాలాసార్లు మెట్ల మీంచి పడింది. వాళ్ళ పెంకుటింటికి ఉన్న మెట్లన్నీ కలిపి వీధరుగు ఎత్తే.

స్కార్‌బరో ఇంట్లో ఆవిడకి ఒక ఉద్యోగం దొరికింది. క్రిస్టో గొంతు ఒక రకంగా మారి, “అమ్మా, పాపని లోపలికి తీసుకెళ్ళు” అనగానే తీసుకెళ్ళడం. తలుపేయడం. టాబ్లెట్‌లో కార్టూను పెట్టి సౌండు పెంచడం. తెల్లారి కోడలికి వేడి కాఫీ ఇవ్వడం. ఇచ్చి, మొహం వైపు చూడకుండా వెనక్కి తిరగడం.

మార్చి సెలవులకి క్రిస్టోయే ప్లాను వేశాడు. సవానాలో ఒక పూట తిరగడం, తర్వాత టైబీలో బీచ్. అందరూ కార్లో. “మనం బయటికెళ్ళి ఎన్నాళ్ళయిందమ్మా” అన్నాడు. సంతోషకుమారికి అందులో అర్థమైంది ఒక్కటే, అక్కడా వంట చెయ్యాలి. అద్దె ఇంటి గిన్నెల మీద ఆవిడకి నమ్మకం లేదు. నరసాపురం నుంచి తెచ్చుకున్న ఇనప దోసెల పెనాన్ని తువ్వాల్లో చుట్టి డిక్కీలో పెట్టింది. బోర్డరు దగ్గర ఆఫీసరు దాన్ని ఎత్తి చూసి, బరువుకి కనుబొమ్మలెగరేసి, మళ్ళీ అక్కడే పెట్టేశాడు.

వర్జీనియాలో హైవే పక్కన ఆగినప్పుడు అత్తాకోడళ్ళిద్దరే బాత్‌రూములో ఉన్నారు. కృప మెడకున్న స్కార్ఫు తీసి తడుపుకుంది. లోపల చర్మం... పండిన నేరేడు పండు రంగు.

“అత్తయ్యా.” అద్దంలోంచే మాట్లాడింది. “ఇది మొన్నటిది. క్రిస్మస్‌కి ముందు గొంతు పట్టుకున్నప్పుడైతే తెలివితప్పింది నాకు. డాక్టరమ్మ చెప్పింది... ఇంకోసారి అలా జరిగితే లేవవు అని.”

సంతోషకుమారి కుళాయి తిప్పింది.

“లేవకపోతే ఏనీని మీరే చూసుకోవాలి. అది చెబుదామనే.”

నీళ్ళ చప్పుడు. ఆవిడ చేతులు కడుక్కుంటూనే ఉంది. ఏదో ఒకటి అనాలి. కుళాయి ఇంకొంచెం తిప్పింది.

సవానా అందమైన ఊరు. ఎటు చూసినా చిన్న చిన్న చౌకులు, రాతి మేడలు, వాటి మీదికి ఒరిగిన పెద్ద పెద్ద ఓక్ చెట్లు. కొమ్మల నుంచి బూడిదరంగు నాచు పాత చీపుళ్ళు ఆరేసినట్టు వేలాడుతుంటుంది. ఆ మేడలు కట్టిన బానిసల పేర్లు ఏ గోడ మీదా లేవు. చచ్చిన ఆడవాళ్ళ కథలు మాత్రం టికెట్టు పెట్టి అమ్ముతారు. చీకటి పడగానే దయ్యాల ట్రాలీ బయల్దేరుతుంది. గైడు నల్లకోటు వేసుకుని మైకులో గుసగుసలాడతాడు. ఇదిగో ఈ కిటికీలోంచి దూకింది... అదిగో ఆ గదిలో ఉరేసుకుంది... జనం పాప్‌కార్న్ తింటూ కెవ్వుమంటారు.

చివరి కథ టైబీది.

హార్బరులోకి ఓడలకి దారి చూపించే పైలట్ కెప్టెన్ ఒకడుండేవాడట. పెద్ద మనిషి. చర్చిలో ముందు వరస. ఇంట్లో పెళ్ళాన్ని కొట్టేవాడు. ఒక రాత్రి ఆమె వంటింటి మెట్ల కింద చచ్చి పడుంది. “జారిపడింది” అన్నాడు. పాదిరిగారు సరే అన్నారు, డాక్టరుగారు సరే అన్నారు, పాతిపెట్టేశారు. ఏడాది తిరక్కుండా అవే మెట్ల కింద కెప్టెన్ దొరికాడు — ఏ ఎముకా తిన్నగా లేకుండా.

“ఇల్లు ఇంకా ఉంది,” అన్నాడు గైడు. “అద్దెకి కూడా ఇస్తారు. మగవాళ్ళూ... మెట్లు జాగ్రత్త!”

క్రిస్టో పెద్దగా నవ్వాడు. ఫోను తీసి ఫొటో చూపించాడు. “బ్రో, మేం ఉండేది అందులోనే!”

ట్రాలీ అంతా చప్పట్లు.

సంతోషకుమారి కోడలి చెవిలో అంది. “ఆవిడ పేరేంటో అడుగమ్మా.”

కృప అడిగింది. గైడు భుజాలెగరేశాడు. కెప్టెన్ భార్య, అంతే తెలుసన్నాడు. తర్వాత కృప వైపు వంగి, ఇంతమంది అడిగిన ప్రశ్నల్లో మంచిది మీదే మేడమ్ అన్నాడు. కృప నవ్వింది. మామూలు నవ్వు. అలవాటు తప్పిపోయిన నవ్వు.

క్రిస్టో ఫోను జేబులో పెట్టుకున్నాడు.

టైబీ వెళ్ళే దారికి రెండువైపులా ఉప్పునీటి బురద, ఎత్తుగా పెరిగిన గడ్డి. క్రిస్టో రేడియో పెట్టాడు. ఆపాడు. మళ్ళీ పెట్టాడు. స్టీరింగు మీద వేళ్ళు ముడుస్తున్నాడు, తెరుస్తున్నాడు. వెనక సీట్లోంచి ఆ వేళ్ళనే చూస్తోంది సంతోషకుమారి. పీటర్ మాస్టారు కూడా ముందు ఇలాగే... చాలాసేపు ఏమీ అనేవాడు కాదు.

ఇల్లొచ్చింది. కొయ్య స్తంభాల మీద తెల్లటి ఇల్లు. వరండా పైకప్పుకి లేత నీలం రంగు. ఆ రంగు చూసి దయ్యాలు నీళ్ళనుకుని గడప దాటవని ఇక్కడివాళ్ళ నమ్మకమట. బయటి దయ్యాల సంగతి సరే. కార్లో కూర్చుని లోపలికి వచ్చేవాటికి ఏ రంగు వెయ్యాలో ఎవరూ కనిపెట్టలేదు.

వంటిల్లు వెనకవైపు, సముద్రం పక్క. అందులోంచే పై గదులకి ఇరుకు మెట్లు. సంతోషకుమారి పెనం తీసి స్టవ్ మీద పెట్టింది. పొద్దుటికి పులిసేలా పిండి కలిపి మూతేసింది. ఎక్కడికెళ్ళినా ఆ ఇంట్లో పడుకోబోయే ముందు కుటుంబ ప్రార్థన జరగాలి. అది పీటర్ మాస్టారు పెట్టిన నియమం, క్రిస్టో తప్పనిది. చెల్లెలి పెళ్ళి రాత్రి కూడా తప్పలేదు, అత్తారింట్లోనూ తప్పలేదు. ముందు పిల్ల చెప్తుంది. తర్వాత కోడలు. తర్వాత అమ్మ. ఆఖరున ఇంటి పెద్దగా క్రిస్టో చెప్పి ముగిస్తాడు. ఒకరు ముగించగానే మిగతావాళ్ళు ఆమెన్ అనాలి.

వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆడవాళ్ళు ముసుగులేసుకున్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

ఏనీ ఇంగ్లీషులో గడగడా చెప్పేసింది. కృప ప్రయాణంలో కాపాడినందుకు వందనాలు చెప్పింది. ఆమె గొంతు సన్నగా, గీసుకుపోయినట్టు వచ్చింది.

సంతోషకుమారి వంతు.

ఎప్పుడూ చెప్పే ప్రార్థనే మొదలుపెట్టింది. “ప్రేమా కనికరములు గల మా పరలోకపు తండ్రీ... ఈ దినమంతా మమ్మల్ని నీ రెక్కల చాటున దాచినందుకు...” అక్కడిదాకా నోటికి అలవాటే. తర్వాత ఏమైందో ఆవిడకే తెలియదు. మాటలు దారి తప్పాయి.

“...తండ్రీ, ఈ ఇంట్లో, ఈ మెట్ల కింద, ఒక ఆడబిడ్డ చచ్చిపోయింది. ఆమె పేరు కూడా ఎవరికీ తెలియదు. నీకు తెలుసు. ఆమెని కొడుతుంటే ఎవరూ అడ్డం రాలేదు. పక్కింటివాళ్ళు రాలేదు. అత్తగారు ఉండుంటే... ఆవిడా రాలేదు. ఆమె కన్నీళ్ళు తుడువు తండ్రీ. ఆమెని జ్ఞాపకం చేసుకో. ఆమె పక్షాన నిలబడు. యేసు నామమున అడిగి వేడుకుంటున్నాము...”

“ఆమెన్,” అంది కృప.

“ఆమెన్,” అంది ఏనీ.

“ఆమెన్.”

మూడోది సింకు వైపు నుంచి వచ్చింది.

మగ గొంతు కాదు. ముసలి గొంతూ కాదు. ఆ మాటని సాగదీసి పలికే ఇక్కడివాళ్ళ యాస. నీళ్ళు తాగుతూ ఎవరో ఆగి అన్నట్టు...

ఏనీ కళ్ళు తెరిచింది. “నానమ్మా... హూ వజ్ దట్?” అంది గుసగుసగా.

సంతోషకుమారి తిరిగి చూసింది. సింకు. కిటికీ. కిటికీ అవతల నల్లటి సముద్రం.

క్రిస్టోకి అదేమీ వినపడలేదు. అతను కోపంలో ఉన్నాడు. “చచ్చినవాళ్ళకి ప్రార్థన ఏంటమ్మా? మనమేమన్నా క్యాథలిక్కులమా? చచ్చాక తీర్పే. ఫెలోషిప్‌లో తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“నోరు జారిందిరా నాన్నా.”

“నోరు జారలేదు. నేర్పారు.” కృప వైపు తిరిగాడు. “ఆవిడ పేరేంటి, ఆవిడ పేరేంటి అని ఆ గైడుగాడితో ఇకఇకలు... అది చాలక మా అమ్మకి కూడా ఎక్కించావన్నమాట.”

“నేనేం...”

“అమ్మా, పాపని పైకి తీసుకెళ్ళు.”

గొంతు మారింది.

సంతోషకుమారి లేచింది. కాళ్ళకి అలవాటు. పిల్ల చెయ్యి పట్టుకుని ఇరుకు మెట్లెక్కింది. పైగదిలో మంచమ్మీద కూర్చోబెట్టింది. టాబ్లెట్ ఇచ్చింది. సౌండు పెంచబోయి...

వేలు ఆగింది.

కింద మొదటి దెబ్బ పడింది. చెంప మీద. ఆ చప్పుడు ఆవిడకి మాట కన్నా బాగా తెలుసు. రెండోది. కుర్చీ పడింది. తల అలమారకి కొట్టుకున్న చప్పుడు, లోపల గాజు సామాను గలగల. “నవ్వు... ఇప్పుడు నవ్వు చూద్దాం... నవ్వవే!” కృప ఏడవడం లేదు. ఏడిస్తే ఎక్కువ కొడతాడని ఆ పిల్లకి తెలుసు. మళ్ళీ తల. మళ్ళీ గాజు. తర్వాత కాళ్ళు నేలకేసి రాసుకుంటున్న చప్పుడు... ఈడుస్తున్నట్టు. తర్వాత...

తర్వాత చప్పుడు లేదు.

అది అన్నిటికన్నా ఘోరం. గొంతు పట్టుకుంటే చప్పుడుండదు.

“ఇక్కడే ఉండు,” అంది పిల్లతో. తలుపు తీసి మెట్ల మీదికొచ్చింది. ఎన్నాళ్ళ తర్వాతో ఆ కాళ్ళు మొదటిసారి అటు నడిచాయి. ఒక మెట్టు దిగింది. ఇంకోటి.

దీపాలు పోయాయి.

ఇల్లంతా ఒక్కసారి చీకటైపోయింది. సముద్రం హోరు గోడల్లోంచి వస్తున్నట్టుంది. గోడ పట్టుకుని నిలబడింది సంతోషకుమారి. కింద కృప ఊపిరి... ఎండిన గొట్టంలోంచి గాలి లాగుతున్నట్టు... హమ్మయ్య, ఊపిరుంది.

తర్వాత క్రిస్టో గొంతు. కోపం కాదు. ఆశ్చర్యం.

“ఎవ...”

మిగతాది దవడ విరిగిన చప్పుడులో పోయింది. ఇనుము మోగింది. గంటలా మోగలేదు, మొద్దుగా, మాంసం మీద పడి మోగింది. అతను పడ్డాడు. లేవబోయాడు. మళ్ళీ ఇనుము. అరిచాడు. ఆ కొట్టేవాళ్ళకి తొందర లేదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆగి, చూసుకుని, చోటు వెతుక్కుని కొడుతున్నారు. భుజం. పక్కటెముకలు. తర్వాత నేలకి ఆనించిన చెయ్యి, కుడిచెయ్యి, వేళ్ళు... చెక్కనేల మీద ఇనుము పడ్డ చప్పుడు, మధ్యలో పచ్చి కట్టె విరిగినట్టు పటపట.

“అమ్మా!” అన్నాడు క్రిస్టో. “అమ్మా... అమ్మా!”

చిన్నప్పుడు గొడ్డు పొడిచినప్పుడు అలాగే పిలిచాడు. అప్పుడు ఆవిడ చెప్పుల్లేకుండా రోడ్డంతా పరిగెత్తింది.

ఇప్పుడు కాలు కదిపింది. కింది మెట్టు మీద పెట్టింది.

అక్కడ... ఆపేసింది.

రెండు చేతులతో మెట్ల పక్క కొయ్య కమ్మీ పట్టుకుంది. గోళ్ళు కొయ్యలోకి దిగాయి. కాళ్ళు కిందికే పోతానంటున్నాయి. పోనివ్వలేదు. ఇన్నాళ్ళూ కోడలి కోసం దిగని దాన్ని, ఇప్పుడు వీడి కోసం దిగితే... అనుకుందో, అసలేమీ అనుకోలేదో. మెట్టు మీద కూర్చుండిపోయింది. కొట్టమ్మా, అంది మనసులో. కొట్టు కృపా. వాడు లేవకుండా కొట్టు. చావకుండా కొట్టు.

“అమ్మా...” ఈసారి గొంతులో నురగ.

అక్కడితో ఆగింది. పెనం నేల మీద పెట్టిన చప్పుడు. పడేసిన చప్పుడు కాదు. పెట్టిన చప్పుడు.

దీపాలొచ్చాయి.

క్రిస్టో మెట్ల మొదట్లో పడున్నాడు. దవడ పక్కకి జారిపోయి మొహం ఎవరిదో అయిపోయింది. కుడిచెయ్యి... అది చెయ్యిలా లేదు. ఊపిరి తీస్తున్నాడు. ముక్కులోంచి రక్తం బుడగలు కడుతోంది. ఆవిడ అతన్ని దాటుకుని వెళ్ళింది.

కృప ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య సందులో ముడుచుకుని ఉంది. మొహం మోకాళ్ళలో, రెండు చేతులూ మెడ చుట్టూ.

పెనం బల్ల పక్కన నేల మీద ఉంది. నెత్తురూ, నాలుగు వెంట్రుకలూ. సంతోషకుమారి దాన్ని తీసుకుంది. ఇంత బరువైన దాన్ని ఈ పిల్ల ఎలా లేపిందో, అనుకుంది. అప్పుడే కృప తలెత్తి చూసింది. పెనం వైపు. అత్తగారి చేతుల వైపు. వాచిన కన్ను పూర్తిగా తెరుచుకోలేదు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“మెట్ల మీంచి పడ్డాడు,” అంది సంతోషకుమారి.

కృప పెదవులు కదిలాయి. “పడ్డాడు,” అంది.

వేడినీళ్ళు తిప్పి, ఇనప పీచుతో పెనం తోమింది. తుడిచింది. చుక్క నూనె రాసి స్టవ్ మీద పెట్టింది. చేతులు కడుక్కుంది. అప్పుడు అంబులెన్సుకి ఫోను చేసింది. లెక్కల టీచరు కదా, ఏది ముందో ఏది తర్వాతో తెలుసు.

అంబులెన్సు కుర్రాళ్ళు లోపలికొస్తూనే మెట్ల వైపు చూశారు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. “మళ్ళీనా,” అన్నాడొకడు. వెనక వచ్చిన పోలీసు ఆఫీసరు ఆడమనిషి, ఈ దీవిలోనే పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి. క్రిస్టోని ఒక చూపు చూసింది. తర్వాత కృప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, “ఆ స్కార్ఫు తీస్తావా తల్లీ,” అన్నట్టు అడిగింది. మెడ మీద వేళ్ళ ముద్రలు ఒక్కొక్కటీ ఫొటో తీసింది. మెట్ల గురించి అడిగింది తక్కువ. మెడ గురించి అడిగింది ఎక్కువ.

సంతోషకుమారి చెప్పింది. ఆ రాత్రి సంగతే కాదు. మణికట్టు. క్రిస్మస్ ముందు సంగతి. కార్టూను సౌండు. ఇంగ్లీషు ఎక్కడ తడబడితే అక్కడ చేతులతో చూపించింది. మెట్ల సంగతి ఒక్కటే అబద్ధం చెప్పింది.

స్కార్‌బరో వచ్చాక అవే మాటలు పోలీస్ స్టేషన్లో చెప్పింది. కోర్టులోనూ చెప్పింది. క్రిస్టోకి భార్య దగ్గరికీ బిడ్డ దగ్గరికీ రాకూడదని ఆర్డరొచ్చింది. ఫెలోషిప్ పెద్దలు నలుగురు కారేసుకుని వచ్చారు. “కన్నతల్లివై ఉండి కొడుకు మీద సాక్ష్యమా, ఆంటీ? క్షమించమని కదా వాక్యం.”

“మా ఆయన్ని చూసి వాడు నేర్చుకున్నాడు,” అంది. “వాణ్ణి చూసి మనవరాలు నేర్చుకుంటోంది, ఎలా పడుండాలో. మధ్యలో నేను ఎక్కడో ఒకచోట లేవాలి కదా నాయనా. టీ తాగుతారా?”

టీ తాగకుండా వెళ్ళిపోయారు.

క్రిస్టో ఉద్యోగం ఎక్కడో పడమరగా ఉన్న సస్కటూన్ అనే ఊరికి మార్చుకున్నాడు. దవడకి ప్లేట్లు వేశారు. చేతి వేళ్ళు ముడుచుకోవు. ఏమైందని అడిగినవాళ్ళందరికీ అతను చెప్పేది ఒక్కటే మాటట. మెట్ల మీంచి పడ్డాను. రాత్రిపూట వంటింట్లోకి ఒక్కడూ వెళ్ళడని, నీళ్ళ బాటిలు మంచం పక్కనే పెట్టుకుంటాడని అక్కడి తెలుగువాళ్ళు చెప్పుకుంటారు.

అత్తాకోడళ్ళిద్దరూ ఆ అపార్టుమెంటు వదిలేశారు. మార్కమ్ రోడ్డు దగ్గర ఒక ఇంటి బేస్‌మెంటు తీసుకున్నారు. కృప నిద్రలో ఉలిక్కిపడటం తగ్గింది. గొంతు బాగుపడింది. ఏనీ టాబ్లెట్ సౌండు తగ్గించి చూడటం నేర్చుకుంది. ఆ రాత్రి గురించి మాత్రం ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఏం మాట్లాడతారు? కోడలు చేసిన పనిని అత్తగారు కడిగేసింది. అడిగితే ఆ పిల్లని మళ్ళీ ఆ సందులోకి తోసినట్టవుతుందని ఆవిడ నోరు కట్టేసుకుంది. రోజూ పక్కమీద పడుకున్నాక కొడుకు పిలిచిన ‘అమ్మా’ వినపడుతుంది. ఆ పిలుపుని ఆవిడే మోసుకుంటోంది. అది కోడలికి తెలియక్కర్లేదు.

నవంబరులో ఒక సాయంత్రం. బయట మొదటి మంచు. ఏనీ పక్క గదిలో హోంవర్కు చేసుకుంటోంది. ఇద్దరూ చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నారు.

“అత్తయ్యా...”

“ఊఁ.”

“మీకు నేనెప్పుడూ చెప్పలేదు.” కృప చేతిలో కాయ వైపే చూస్తోంది. “చెబితే మీకు బాధేమోనని. మీ కడుపున పుట్టినవాడు. అయినా మీరు... ఆ రాత్రి... నా కోసం అంత పని చేశారు. బతికున్నన్నాళ్ళూ మర్చిపోను.”

సంతోషకుమారి చెయ్యి ఆగింది.

“నేనేం చేశాను?”

“పోనీండి. ఇంక ఎప్పుడూ అనను.”

“కృపా... ఇటు చూడు. నేనేం చేశాను?”

కృప తలెత్తింది. “పెనంతో... మీరే కదా...”

పక్క గదిలో పెన్సిలు కిందపడి దొర్లిన చప్పుడు.

“నేను మెట్ల మీద ఉన్నాను,” అంది సంతోషకుమారి. మాటలు ఒక్కొక్కటే, కూడబలుక్కుంటున్నట్టు. “వాడు పిలుస్తుంటే... దిగలేదు. నువ్వు కొడుతున్నావని... ఆపకూడదని... కూర్చున్నాను.”

“నేనా?” కృప గొంతు గుసగుసైపోయింది. “నాకు చెయ్యి లేపే శక్తి కూడా లేదత్తయ్యా. గొంతు వదలగానే పాక్కుంటూ ఆ సందులోకి పోయాను. మొహం దాచుకున్నాను. ఏమీ చూడలేదు. చప్పుడే...”

చిక్కుడుకాయ ఒకటి నేల మీద పడింది. ఎవరూ తియ్యలేదు.

“మరి నేనే అని ఎలా అనుకున్నావు?”

“కొట్టే ముందు నా దగ్గరికొచ్చారు కదా మీరు. సింకు వైపు నుంచి అడుగుల చప్పుడు. వంగి... తల మీద చెయ్యి వేశారు. వేసి, కాసేపు ఉంచారు. అప్పుడు అటు వెళ్ళారు.”

“సింకు వైపా...” సంతోషకుమారి అరచేతులు వెల్లకిలా తిప్పి చూసుకుంది. “నేను నీ తల మీద చెయ్యి వెయ్యలేదమ్మా. ఆ రాత్రే కాదు... ఎప్పుడూ వెయ్యలేదు.”

కింద పడ్డ చిక్కుడుకాయని కృప వంగి తీసింది.

తర్వాత ముసలావిడే అడిగింది, అడగాలో వద్దో తెలియనట్టు —

“చల్లగా ఉందా, ఆ చెయ్యి?”

కృప నడినెత్తి మీద తన చెయ్యి పెట్టుకుంది. ఆ చోటు ఇంకా గుర్తున్నట్టు, వేళ్ళు సరిగ్గా అక్కడే ఆగాయి.

“లేదత్తయ్యా,” అంది. “వెచ్చగా ఉంది.”